శాంపిల్ ఫెయిలైంది, బిల్లు బుడమేరు పాలైంది

ఈ మధ్య వారానికి ఒకరైనా ఫోన్ చేస్తున్నారు. "అన్నా, మాకూ మందు శాంపిల్ ఫెయిలని కాగితం వచ్చింది, ఏం చెయ్యాలి?" అని. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పే ఓపిక లేక, జరిగింది జరిగినట్టు రాసేస్తున్నాను. నేను లాయర్ని కాను. విజయవాడలో 17 ఏళ్లుగా మందుల హోల్‌సేల్ చేసుకుంటున్నవాణ్ణి. కేసు కోర్టులో ఉంది కాబట్టి కంపెనీల పేర్లు మాత్రం అడగొద్దు.

2024 జూన్ 20, గురువారం. బ్యాంకు పని మీద గవర్నర్‌పేటలో ఉన్నాను. పదకొండున్నరకి షాపు నుంచి కుర్రాడు ఫోన్ చేసి, డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ మేడం వచ్చారు, శాంపిల్ తీస్తున్నారు అన్నాడు. అప్పటికి మా దగ్గర మూడుసార్లు తీశారు, ఎప్పుడూ ఏమీ కాలేదు. అందుకని కంగారేం పడలేదు. నేను వెళ్లేసరికి పని సగమైంది. కడుపులో మంటకి వాడే పాంటోప్రజోల్ 40 మాత్రలు. స్ట్రిప్పులన్నీ నాలుగు వాటాలు చేసి, కవర్లలో పెట్టి, లక్క కరిగించి సీళ్లు వేస్తున్నారు. షాపంతా లక్క వాసన. ఫారం 17 అనే కాగితం ఇచ్చారు. తీసుకున్న మాత్రలకి ధర కట్టి డబ్బు కూడా ఇవ్వబోతే, నేనే మొహమాటపడ్డాను. "మొహమాటం దేనికండీ, చట్టంలోనే ఉంది, తీసుకోండి" అన్నారు.

నాలుగు పొట్లాల్లో ఒకటి ల్యాబుకి, ఒకటి కోర్టు కోసం, ఒకటి మాకు సరుకు అమ్మినవాళ్లకి, ఒకటి మాకు. మా వాటా నా చేతికిచ్చి, "సీలు కదలకుండా దాచుకోండి" అన్నారు. షాపులో పెడితే ఏదో ఒక రోజు మా కుర్రాళ్లు దాన్ని చించి రాక్‌లో సర్దేస్తారు, వాళ్ల సంగతి నాకు తెలుసు. అందుకే పటమటలో మా ఇంటికి తెచ్చి బీరువాలో పడేశాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను తెలిసి చేసిన తెలివైన పని అదొక్కటే.

ఆ తర్వాత రెండు నెలలు ఆ సంగతే మర్చిపోయాను.

సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు కట్ట తెగి ఊరు మునిగిన సంగతి నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. సూర్యారావుపేట అద్దెలు భరించలేక 2019లో షాపు సింగ్ నగర్‌కి మార్చాం, గ్రౌండ్ ఫ్లోరు. పదో రోజున బురదలో దిగి షట్టర్ ఎత్తితే రాక్‌లన్నీ బోర్లా పడి ఉన్నాయి. బిల్లు ఫైళ్లు పిండి ముద్దలా అతుక్కుపోయాయి. టెంపరేచర్ రిజిస్టర్ అయితే కనపడనే లేదు. బిల్లింగ్ కంప్యూటర్ నీళ్లలో తేలి, మునిగి, చివరికి బాత్రూం గుమ్మంలో దొరికింది. బ్యాకప్ మార్చి నెలాఖరుది. సరుకుకి ఇన్సూరెన్సు ఉంది. ఆ క్లెయిము కోసం మేం పెట్టిన ఉత్తరంలో పాడైన మందుల జాబితా రాశాం కానీ, రికార్డులు పోయాయని ఒక్క ముక్క రాయలేదు. ఆ మాట ఎంత ఖరీదైందో నాలుగు నెలల తర్వాత తెలిసింది.

దసరా అయిపోయిన రెండో రోజు, అక్టోబరు 14న, ఇన్‌స్పెక్టర్ ఆఫీసు నుంచి కవరు వచ్చింది. లోపల ఫారం 13, అంటే ప్రభుత్వ ఎనలిస్టు రిపోర్టు. డిసల్యూషన్ పరీక్షలో, అంటే మాత్ర సరిగ్గా కరుగుతుందా లేదా అని చూసే పరీక్షలో నిలవలేదు, నాట్ ఆఫ్ స్టాండర్డ్ క్వాలిటీ, అంటే నాసిరకం అని రాసి ఉంది. దాంతోపాటు ఒక ఉత్తరం: ఈ సరుకు ఎవరి దగ్గర కొన్నారో డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 18ఎ సెక్షన్ కింద పేరు, అడ్రసు, బిల్లుతో సహా తెలపండి, ఎవరెవరికి అమ్మారో వివరాలివ్వండి, మిగిలింది అమ్మకండి.

చదివాక కాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. మన పేపర్లలో ఇలాంటి వార్తకి పెట్టే హెడ్డింగ్ ఒకటే కదా, "నకిలీ మందులు" అని. మా ఆవిడ "ఏవండీ, అరెస్టు చేస్తారా?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇంకో గుబులు కూడా పట్టుకుంది. మా అమ్మకి పొద్దున్నే పరగడుపున వేసే మాత్ర ఇదే. షాపులోంచి నేనే తెచ్చేవాణ్ణి. ఆ బ్యాచ్ ఆమె వేసుకుందో లేదో ఇప్పటికీ తెలియదు. ఖాళీ స్ట్రిప్పులు ఎవరు దాస్తారు?

మర్నాడు తెలిసిన లాయరు గారి దగ్గరికి వెళ్లాను. మా స్థలం తగాదా చూసిన ఆయన. 5,000 తీసుకుని, "ఇది కంపెనీ తప్పు, మీకేం సంబంధం? కోర్టు నుంచి సమన్లు వస్తే అప్పుడు చూద్దాం" అన్నారు. వినడానికి హాయిగా ఉంది. రెండు వారాలు నిజంగానే హాయిగా ఉన్నాను.

దీపావళి ముందు రోజు, అక్టోబరు 30న, గుంటూరులో ఉండే ఒక హోల్‌సేలర్ మిత్రుడితో ఫోన్లో మాటల్లో ఈ సంగతి వచ్చింది. "రిపోర్టు వచ్చి ఎన్ని రోజులైంది?" అని అడిగాడు. 16 అన్నాను. అవతల కాసేపు మాట లేదు. "28 రోజుల గడువుంది తెలుసా? రేపు పండగైనా సరే బయల్దేరి రా" అన్నాడు.

పండగ రోజు పొద్దున గుంటూరు వెళ్లాను. బ్రాడీపేటలో మిత్రుడు చెప్పిన అడ్వకేటు గారి ఇల్లు. డ్రగ్స్ కేసులే ఎక్కువగా చూస్తారట. పక్కనే ఇంకొకాయన కూర్చుని ఉన్నారు, రిటైరైన డ్రగ్స్ ఆఫీసరు, ఈయనకి సలహాదారు. నా కాగితాలు చూసి అడ్వకేటు గారు మొదట అన్న మాట: "ఇది 27(డి). నకిలీ కాదు, నాసి." నకిలీ మందు కింద కేసు పడితే అది 27(సి), ఏడేళ్లకి తక్కువ కాకుండా యావజ్జీవం దాకా వెళ్తుంది. నాసికి ఏడాది నుంచి రెండేళ్లు, 20,000కి తగ్గకుండా జరిమానా. మామూలు రోజుల్లో ఏడాది జైలు అన్న మాట వింటే గుండె ఆగేది. ఆ రోజు మాత్రం ఊపిరి పీల్చుకున్నాను.

తర్వాత ఆ 28 రోజుల సంగతి చెప్పారు. 25వ సెక్షన్ ప్రకారం, రిపోర్టు చేతికొచ్చిన 28 రోజుల్లో "దీనికి వ్యతిరేకంగా మా సాక్ష్యం చూపదల్చుకున్నాం" అని రాసి ఇవ్వకపోతే, ఆ రిపోర్టే ఆఖరి మాట. రాసి ఇస్తే, రేపు కోర్టులో కేసు నడిచేటప్పుడు కోర్టు దగ్గరున్న పొట్లాన్ని కలకత్తాలోని సెంట్రల్ డ్రగ్స్ లేబరేటరీకి పంపమని అడిగే దారి ఉంటుంది. నేనేమో దానికోసం కట్టలకొద్దీ కాగితాలు కావాలేమో అనుకున్నాను. "ఒక్క పేజీ చాలండీ. సాక్ష్యం తర్వాత. ఇది తలుపు మూసుకుపోకుండా కాలు అడ్డం పెట్టడం" అన్నారు. నవంబరు 11తో గడువు అయిపోతుంది. ఆ పేజీని 6వ తేదీన స్వయంగా తీసుకెళ్లి ఇచ్చి, కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకున్నాను. పోస్టులో పంపొద్దన్నారు ఆయన.

అయితే మమ్మల్ని కాపాడేది ఆ పేజీ కాదు, 19(3) సెక్షన్. అమ్మేవాడికి అందులో మూడు ప్రశ్నలున్నాయి. లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గరే కొన్నారా? లోపం ఉందని మీరు శ్రద్ధగా చూసినా తెలిసే వీలుందా? వచ్చింది వచ్చినట్టే, సరిగ్గా నిలవ చేసి ఉంచారా? రెండోదానికి జవాబు తేలిక. మాత్ర మీద పూత పూసి ఉంటుంది, అది ఆమ్లంలో కరగకుండా తర్వాత దశలో కరగాలి, షాపులో కూర్చుని నేనెలా కనిపెడతాను? మొదటిదానికి బిల్లు కావాలి. మూడోదానికి టెంపరేచర్ రిజిస్టర్ కావాలి. రెండూ బుడమేరులో ఉన్నాయి.

బిల్లు కాపీ కోసం మాకు సరుకు పంపిన హైదరాబాద్ మార్కెటింగ్ కంపెనీకి మెయిల్ పెట్టాం. జవాబు లేదు. ఫోన్ చేస్తే "అకౌంట్స్‌లో అడగండి", అకౌంట్స్‌లో అడిగితే "లీగల్ వాళ్లు చూస్తున్నారు". ఎందుకిస్తారు? ఆ బిల్లు ఇస్తే మెడ మీది కత్తి మా దగ్గర్నుంచి వాళ్ల దగ్గరికి వెళ్తుంది. జీఎస్టీ పోర్టల్‌లో మా 2బిలో, అంటే మేం కొన్న బిల్లుల పట్టికలో, ఆ బిల్లు నంబరు, జూన్ 11 తేదీ, మొత్తం కనిపిస్తున్నాయి. సరుకు రవాణాకి తీసే ఈ-వే బిల్లు కూడా దొరికింది. కానీ బ్యాచ్ నంబరు ఎక్కడా లేదు. జీఎస్టీకి డబ్బుతో పని, బ్యాచ్‌తో ఏం పని?

ఇదే గోడు నవంబరు 1న ఇన్‌స్పెక్టర్ మేడం దగ్గర వెళ్లబోసుకున్నాను. ఆమె నా వైపు వింతగా చూసి, ఫైలు తిప్పి, ఒక జిరాక్సు చూపించారు. మా బిల్లే! బ్యాచ్ నంబరుతో సహా. "శాంపిల్ తీసిన రోజు మీ అబ్బాయే ఇచ్చాడు కదండీ, సంతకం కూడా పెట్టాడు" అన్నారు. నేను బ్యాంకు నుంచి వచ్చేలోపే ఆ పని అయిపోయిందన్నమాట. కుర్రాణ్ణి పిలిచి అడిగితే, "అవును సార్, మీరు అడగలేదుగా" అన్నాడు. వాణ్ణి తిట్టాలో కౌగిలించుకోవాలో తెలియలేదు. కాపీ కోసం రాసి ఇమ్మన్నారు, 4వ తేదీకి చేతికొచ్చింది.

టెంపరేచర్ సంగతి ఇంత తేలిగ్గా తేలలేదు. స్ట్రిప్పు మీద 30 డిగ్రీల లోపు ఉంచాలని ఉంది. జూన్ మొదట్లో బెజవాడ ఎలా ఉంటుందో తెలిసిందే. స్టోర్ రూములో రెండు ఏసీలున్నాయి. రాత్రీ పగలూ నడుస్తాయి, కానీ నడిచాయని నిరూపించేదెలా? దారి చూపించింది ఆ రిటైర్డ్ ఆఫీసరు గారు. "కరెంటు బిల్లులు తియ్యండి" అన్నారు. సీపీడీసీఎల్ సైట్లో పాత బిల్లులన్నీ ఉన్నాయి. జనవరికి, జూన్‌కి యూనిట్లలో తేడా దాదాపు మూడు రెట్లు. మే నెలలో ఏసీ సర్వీసు చేసిన మెకానిక్ తన రసీదు పుస్తకంలో కార్బన్ కాపీ వెతికి ఇచ్చాడు. పైగా సరుకు మా దగ్గరికి వచ్చింది జూన్ 11న, శాంపిల్ తీసింది 20న. తొమ్మిది రోజులు! ఏప్రిల్‌లో తయారై, ఉత్తరాది నుంచి లారీల్లో వచ్చి, హైదరాబాద్ గోడౌన్‌లో కూర్చున్న మాత్ర, మా దగ్గర తొమ్మిది రోజుల్లోనే చెడిపోయిందంటే ఎవరు నమ్ముతారని ఆయన వాదన. నాకు ఆ లెక్క అసలు తట్టనే లేదు.

అమ్మిన వివరాలివ్వడం అన్నిటికన్నా నరకం. ఏ షాపుకి ఏ బ్యాచ్ వెళ్లిందో చెప్పాల్సిన కంప్యూటరే లేదు. మా అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లోంచి జూన్ నుంచి ఆగస్టు దాకా మా దగ్గర కొన్నవాళ్ల జాబితా తీస్తే 112 షాపులు. మా బావమరిది, నేను మూడు రాత్రులు కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాం. "ఆ బ్యాచ్ ఉందా బాబాయ్, ఉంటే పక్కన పెట్టు, అమ్మకు" అని. కొందరు విసుక్కున్నారు. నూజివీడు దగ్గర ఒక పెద్దాయన మాత్రం పాత బిల్లులన్నీ తిరగేసి, తన దగ్గర ఎన్ని అమ్మాడో తేదీలతో రాసి పంపాడు. చివరికి 23 షాపులకి వెళ్లినట్టు తేలింది. 40 బాక్సులు కొంటే, తొమ్మిది వరదలో పోయాయి. వెనక్కి వచ్చింది ఏడు స్ట్రిప్పులు. మిగతాదంతా జనం కడుపుల్లోకి వెళ్లిపోయింది.

డిసెంబరు మూడో వారంలో హైదరాబాద్ కంపెనీ నుంచి ఆరు పేజీల ఇంగ్లీషు ఉత్తరం. వాళ్ల తరఫున పెద్ద లా ఫర్మ్ రాసింది. కాగితమే ఎంత మందంగా ఉందో. సారాంశం ఏంటంటే, మందు కంపెనీ నుంచి బయల్దేరినప్పుడు బాగానే ఉంది, డిస్ట్రిబ్యూటరు వేడిలో పెట్టి పాడు చేశాడు, తాము తయారు చేయలేదు కాబట్టి తమకు బాధ్యత లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పదేళ్లుగా వాళ్ల సరుకు అమ్ముతున్నాను, దీపావళికి వాళ్ల రీజినల్ మేనేజరు స్వీట్ బాక్సు పంపేవాడు.

అడ్వకేటు గారు ఆ ఉత్తరం చదివి కోపం తెచ్చుకోలేదు సరికదా, కాస్త సంతోషించినట్టే కనిపించారు. 2021 మార్చి 1 నుంచి అమలైన మార్పుతో, లేబుల్ మీద మార్కెటెడ్ బై అని పేరున్నవాళ్లు కూడా తయారీదారుతో పాటు నాణ్యతకి బాధ్యులేనట. 84ఇ రూలు. "తయారు చేయలేదన్న మాట అంతకు ముందైతే కొంత చెల్లేది" అన్నారు. మా జవాబు రెండు పేజీలు, వెనక కరెంటు బిల్లులు, తొమ్మిది రోజుల లెక్క. మళ్లీ వాళ్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు.

అయిపోయిందనుకునేలోపు 2025 జనవరి 20న షోకాజ్ నోటీసు. 66వ రూలు కింద మా లైసెన్సులు ఎందుకు సస్పెండ్ చేయకూడదో చెప్పమని. కారణం నాసి మందు కాదు, కొనుగోలు, అమ్మకాల రికార్డులు అడిగినప్పుడు చూపలేకపోయామని. వరదలో పోయాయంటే, సెప్టెంబరులో మీరు రాసిన నష్టం జాబితాలో రికార్డుల మాటే లేదేం అని అడిగారు. నిజమే. బయటివాళ్లు చూస్తే మేం వరద మీదికి నెట్టేస్తున్నట్టే ఉంటుంది.

ఇక్కడ మమ్మల్ని ఆదుకున్నవి రెండు. షట్టర్ ఎత్తిన రోజు మా మేనల్లుడు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడానికి తీసిన వీడియో. అందులో తడిసిన ఫైళ్ల గుట్ట, మా లైసెన్సు ఫ్రేము, కంప్యూటరు అన్నీ ఒకే షాట్‌లో ఉన్నాయి. రెండోది, వరద నష్టం రాసుకోడానికి వచ్చిన వార్డు సచివాలయం వాళ్లు తీసుకున్న ఫొటో. ఫిబ్రవరి 18న హియరింగ్. పది నిమిషాలు కూడా పట్టలేదు. వీడియో చూసిన అధికారి "మాదీ పాయకాపురమేనండీ" అని మాత్రం అన్నారు. అదీ ఆ వరదలో మునిగిందే. ఆర్డరు రావడానికి నాలుగు నెలలు పట్టింది. జూన్ 24న వచ్చింది. హెచ్చరికతో సరిపెట్టారు, ఇకపై రికార్డుల బ్యాకప్ వేరే చోట ఉంచాలని రాశారు. ఆ నాలుగు నెలలూ కొత్త సరుకు ఆర్డరు పెట్టాలంటే చెయ్యి వచ్చేది కాదు. లైసెన్సు పోతే ఈ సరుకంతా ఏం చేసుకోను అన్న టెన్షన్.

ఖర్చు అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నాను. మొదటి లాయరు గారికి 5,000, దండగ. గుంటూరు అడ్వకేటు గారికి జవాబులన్నిటికీ, హియరింగ్‌కీ కలిపి 30,000. సలహాదారు గారికి 10,000. జిరాక్సులు, నోటరీ, తిరుగుళ్లు ఇంకో 8,000 దాకా. వరద నష్టం ముందు ఇది లెక్కలోది కాదు, కానీ అది దేవుడు చేసిన నష్టం, ఇది వేరేవాడి మాత్ర తెచ్చిన నష్టం. అదే మింగుడు పడదు.

2025 ఆగస్టులో తయారీదారు, మార్కెటింగ్ కంపెనీల మీద సెషన్స్ కోర్టులో కేసు వేశారు. ఈ కేసులు సెషన్స్ కోర్టుకి తక్కువ కాని చోటే నడుస్తాయి. నన్ను నిందితుడిగా చేర్చలేదు, సాక్షిగా పెట్టారు. నవంబరులో ఆ సంగతి తెలిసినప్పుడు ఇంట్లో పాయసం చేశారు. సాక్షి అయినందుకు పాయసం చేసుకున్నవాళ్లం మేమే అయ్యుంటాం.

ఆ బ్యాచ్ గడువు 2026 మార్చి వరకే. కేసు వేయడం ఇంకా ఆలస్యమై ఉంటే కంపెనీవాళ్లు మెడికామెన్ బయోటెక్ తీర్పు పట్టుకొచ్చేవాళ్లని అడ్వకేటు గారు చెప్పారు. 2008లో సుప్రీంకోర్టు ఇచ్చింది. మందు గడువు దాటిపోతే మళ్లీ పరీక్ష చేయించుకునే హక్కు పోయినట్టే కదా అని ఆ కేసు కొట్టేశారట. మా కేసులో పొట్లం కలకత్తాకి పంపమని కంపెనీవాళ్లు అడిగారో లేదో నాకు తెలియదు. సాక్షికి ఆ వివరాలు ఎవరు చెప్తారు?

నాకు సమన్లు ఇంకా రాలేదు. మా వాటా పొట్లం బీరువాలో పట్టుచీరల పక్కనే ఉంది, లక్క సీలు చెక్కు చెదరలేదు. మొన్న సంక్రాంతికి సర్దుతూ మా ఆవిడ దాన్ని బయటికి తీసి, "ఇది ఇంకెన్నాళ్లండీ ఇక్కడ?" అంది. అడ్వకేటు గారికి ఫోన్ చేసి అడిగాను. కేసు తేలేదాకా ముట్టుకోవద్దన్నారు. మళ్లీ అక్కడే పెట్టేసింది.